అడిగితే 'లేదు సార్' అనే ప్రశ్నలు: రొయ్యల గుంట గట్టు మీద నిజం రాబట్టే సర్వే ఎలా చేయాలి

తోటపల్లిగూడూరు మండలంలో ఒక రొయ్యల గుంట గట్టు మీద, తాటాకు షెడ్డు కింద కూర్చుని చేసిన నా మొదటి సర్వే ఇప్పటికీ మర్చిపోలేదు. అడగాల్సింది ఒక్కటే: "ఈ పంటలో రొయ్యలకు యాంటీబయాటిక్ ఏమన్నా వాడారా?" ఆ రోజు అడిగిన ప్రతి రైతూ "లేదు సార్" అన్నాడు. మర్నాడూ అంతే. ఫారాలు చక్కగా నిండాయి, ఎక్సెల్‌లో ఎక్కించాం, వాడకం నూటికి సున్నా అని తేలింది. మూడో రోజు టీ కొట్టు దగ్గర అసలు సంగతి తెలిసింది. దారి చూపిస్తానని మాతో గుంట గుంటకూ తిరిగిన కుర్రాడు మేత, మందుల షాపులో పనిచేస్తాడు. ఆ చుట్టుపక్కల రైతుల్లో సగం మందికి ఆ షాపులో అప్పుంది. వాడి ముందు నోరు విప్పేదెవరు? ఆ మూడు రోజుల పనీ చెత్తబుట్టలో పడింది. తప్పు రైతులది కాదు, నాది.

అప్పట్నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణ మొదట్నుంచి చివరిదాకా ఒకటే పెట్టుకుందాం: రొయ్యల గుంటల్లో నిషేధించిన మందుల వాడకం. నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు తిరిగేవాళ్లకు ఇది తెలిసిన గొడవే. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక గుంటలు పెరిగాయి, వాటితో పాటు రోగాలూ పెరిగాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు నిషేధించిన జాబితాలో ఉన్నాయి. వాటి అవశేషాలు దొరికితే యూరప్‌లో కంటైనర్లు వెనక్కి వస్తాయి. 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఇది రైతుకూ తెలుసు. అందుకే అడిగితే చెప్పడు. రొయ్యల సంగతి పక్కన పెట్టి తాగుడు, లంచం, బాల్య వివాహం, కరెంటు తీగకు కొక్కెం వేయడం లాంటివి అడగాలన్నా దారి ఇదే.

1. ఆ ప్రశ్న నిజంగా ఇబ్బందిదేనా, ముందు తేల్చుకోండి

చాలామంది ఈ పని చేయరు. పుస్తకంలో ఇది సున్నితమైన విషయం అని రాసుంటే చాలు, వెంటనే పెద్ద పద్ధతి ఎత్తుకుంటారు. ఏది సిగ్గు, ఏది కాదు అనేది ఊరూరికీ మారుతుంది. ఎన్నికల తర్వాత టీ కొట్టు దగ్గర కూర్చుని చూడండి. ఓటుకు డబ్బు తీసుకున్న సంగతి దాచేవాళ్ల కంటే "పక్క వీధికి ఇచ్చారు, మాకు రాలేదు" అని మండిపడేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అక్కడ గుట్టు పద్ధతులు పెడితే ఖర్చు దండగ. అదే ప్రశ్న వేరే దేశంలో గుట్టు. నికరాగ్వాలో 2008 స్థానిక ఎన్నికల తర్వాత సూటిగా అడిగితే సుమారు 2 శాతం మందే కానుక గానీ సాయం గానీ అందిందని ఒప్పుకున్నారు. కింద 6లో చెప్పే జాబితా పద్ధతిలో అడిగితే అది 24 శాతం అని తేలింది.

ఒకే మనిషికి కూడా ఎవరి ముందు అడిగాం అన్నదాన్ని బట్టి మారుతుంది. దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డది మన జిల్లాలోనే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. ఆ రోజుల్లో ఒక మగాణ్ని భార్య ముందు "తాగుతావా?" అని అడిగి, వచ్చిన జవాబు రాసుకుంటే ఆ కాగితం విలువ ఎంత?

కాబట్టి ముందు ఒక అయిదారుగురితో ఊరికే మాట్లాడండి. ఫారం వద్దు, పెన్ను వద్దు. "ఈ సంగతి బయటి మనిషి అడిగితే మీ ఊళ్లో చెబుతారా?" అని అడగండి. తమ సంగతి చెప్పనివాళ్లు కూడా ఊరి సంగతి చెబుతారు.

2. ప్రశ్న వాళ్ల మాటల్లో రాయండి

మా ఫారంలో ఒకసారి "మందు వాడారా?" అని రాశాం. ఒక పెద్దాయన నవ్వి "నేనా, రొయ్యలా?" అన్నాడు. మందు అంటే పురుగుమందు, తాగే మందు, జబ్బుకు వాడే మందు, అన్నీ. గుంట దగ్గర పాకెట్లను వాటి పేర్లతోనే పిలుస్తారు. మినరల్స్, ప్రోబయాటిక్, గట్ పౌడర్ అంటారు, లేదంటే ఫలానా కంపెనీ డబ్బా అంటారు. "యాంటీబయాటిక్" అనే మాట అర్థమయ్యేవాళ్లు ఉన్నారు, కానీ ఆ మాట వినగానే ఆఫీసు వాసన వస్తుంది.

పని చేసే ప్రశ్న ఇలా ఉంటుంది: "వైట్ గట్ రోగం వచ్చి రొయ్య మేత తినకపోతే, పంట పోతుందన్న టెన్షన్లో కొందరు రైతులు యాంటీబయాటిక్ మేతలో కలిపి వేస్తారు. ఈ పంటలో మీ గుంటలో ఎప్పుడన్నా అట్లా వేయాల్సి వచ్చిందా?" ఇందులో చూడాల్సినవి మూడు. పని ఎందుకు చేస్తారో ముందే చెప్పాం, అందువల్ల ఒప్పుకున్నవాడు దొంగ కాడు. కాలం 'ఈ పంట' అని తేల్చాం. 'ఎప్పుడైనా' అంటే పదేళ్ల కిందటిదీ కలిసిపోతుంది. ఇక 'వేయాల్సి వచ్చిందా' అనడంలో కొంచెం జాలి ఉంది. మరీ ఎక్కువ జాలి పెట్టకండి. "అందరూ వేస్తారు కదా, మీరూ వేశారా?" అంటే వేయనివాడు కూడా మొహమాటానికి తలూపుతాడు.

ఇంకో చిక్కుకు పద్ధతులేవీ పనికిరావు. ప్రోబయాటిక్ అని రాసున్న పాకెట్లో ఏముందో రైతుకే తెలియకపోతే, అతను 'లేదు' అన్నది అబద్ధం కాదు. కింద చెప్పేవన్నీ దాచిన నిజం కోసం. మనిషికే తెలియని నిజం ఏ పద్ధతిలోనూ రాదు. దానికి పాకెట్‌ను ల్యాబుకు పంపాల్సిందే.

3. ఎవరు వెళ్తారు, ఎప్పుడు వెళ్తారు

బొలెరోలో దిగకండి. తెల్ల బొలెరో, మెళ్లో ఐడీ తాడు, చేతిలో ట్యాబ్ కనిపిస్తే మత్స్యశాఖ వాళ్లొచ్చారని అవతలి గట్టుకు ఫోను వెళ్లిపోతుంది. మోటారు సైకిల్ చాలు. పక్క మండలం కుర్రాళ్లు మంచిది. మరీ సొంత ఊరివాడైతే సంగతి రాత్రికే ఊరంతా తెలుస్తుందని భయం, మరీ దూరం వాడైతే యాస దగ్గరే అడ్డుగోడ. షాపువాళ్లు, టెక్నీషియన్లు, సీడ్ (రొయ్య పిల్లల) ఏజెంట్లు, ఊరి నాయకుడు దారి చూపించినా సరే, మాట్లాడే చోట ఉండకూడదు.

మేత వేసే వేళ అడగకండి, రొయ్య ఎంత మేత తిన్నదో తెలిపే చెక్ ట్రే చూసుకునే మనిషి మనకు సగం చెవే ఇస్తాడు. రెండు మేతల మధ్య తీరిక చూసుకోండి. ఆడవాళ్లను అడగాల్సిన విషయమైతే ఆడవాళ్లే వెళ్లాలి. అత్తగారు గడప దగ్గర కూర్చుని ఉంటే ఆ రోజుకు మామూలు ప్రశ్నలు అడిగి వచ్చేయండి. ఇంట్లో హింస లాంటి విషయమైతే ఒక ఇంట్లో ఒక్క మనిషినే అడగాలి, ఏం అడిగామో ఇంట్లో మిగతావాళ్లకు తెలియకూడదు. సర్వే వల్ల ఆమె దెబ్బలు తినే పరిస్థితి రాకూడదు.

ఇంతకీ గుంట యజమాని నెల్లూరు టౌన్లో ఉంటాడు, గుంట కౌలుకు ఇచ్చి ఉంటాడు, మేత కలిపేది కాపలా మనిషి. ఎవరికి తెలుసో వాళ్లనే అడగండి. జీతానికి ఉన్న మనిషికి యజమాని భయం అదనం, అతనితో మాట్లాడేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోండి.

4. చవక దారి ముందు చూడండి

చాలాసార్లు జవాబు మన చెవిన పడకుండా చూస్తే చాలు. చీటీ మీద టిక్కు పెట్టి, మడిచి, తాళం వేసిన డబ్బాలో వేయమనండి. చదువు రానివాళ్లయితే ట్యాబ్‌లో మన యాసలో రికార్డు చేసిన ప్రశ్నను హెడ్‌ఫోన్లో వినిపించి, తెర మీద బొమ్మ నొక్కమనండి. అమెరికాలో కుర్రాళ్ల మీద ఇలా చేసిన ఒక అధ్యయనం 1998లో అచ్చయింది. మగవాళ్లతో శృంగార సంబంధం గురించి కాగితం మీద రాయమంటే 1.5 శాతం మంది ఒప్పుకుంటే, హెడ్‌ఫోను పద్ధతిలో 5.5 శాతం ఒప్పుకున్నారు. ఒకే రకం కుర్రాళ్లు, ప్రశ్న అదే. అయితే అక్కడ కాగితం కూడా రహస్యంగా రాసిందే. కాబట్టి చీటీతో అంతా అయిపోయిందనుకోకండి.

మన వైపు నాకు బాగా నచ్చింది పోలింగ్ బూత్ పద్ధతి. కర్ణాటకలో హెచ్ఐవీ నివారణ పనుల్లో దీన్ని బాగా వాడారు. డ్వాక్రా గ్రూపు లాగా పది, పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు అట్టముక్కతో మరుగు కడతారు. ఒకరు ప్రశ్న గట్టిగా చదువుతారు, ప్రతి ఒక్కరూ తమ ముందున్న 'అవును' డబ్బాలోనో 'లేదు' డబ్బాలోనో ఒక బిళ్ల వేస్తారు. ప్రశ్న నంబరు బిళ్ల మీద ఉంటుంది, మనిషి పేరు ఎక్కడా ఉండదు. చివరికి అందరి 'అవును' డబ్బాలూ ఒకచోట, 'లేదు' డబ్బాలూ ఒకచోట కుమ్మరించి లెక్క పెడతారు. ఓటు వేయడం ఎవరికీ నేర్పక్కర్లేదు కాబట్టి మన జనానికి ఇది వెంటనే ఎక్కుతుంది. ఒకటే లోటు: ఈ మనిషి చదువెంత, గుంట ఎన్ని ఎకరాలు, అందుకు ఈ జవాబు అని జతచేయలేం. గుంపుకు గుంపు లెక్కే వస్తుంది.

డబ్బాలకు రంగులు వేస్తే పార్టీలు గుర్తొచ్చే రంగులు వద్దు. మా పిల్లలు తెలియక అలాంటి రంగు డబ్బా పెడితే, ఒకామె బిళ్ల వేయకుండా లేచి వెళ్లిపోయింది.

5. నోటు నంబరు పద్ధతి: ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి

గుంట గట్టు మీద ఒక్కో రైతునే కలవాలి, ఎకరాలూ రోగాలూ కూడా రాసుకోవాలి. అలాంటప్పుడు అక్కరకొచ్చేది అదృష్టాన్ని మధ్యలో పెట్టే పద్ధతి. స్టాన్లీ వార్నర్ అనే ఆయన 1965లో దీనికి దారి వేశాడు. కిటుకు ఇదీ: జవాబు 'అవును' అని వచ్చినా, అది మనిషి చెప్పిందా, అదృష్టం చెప్పించిందా అన్నది అడిగినవాడికి తెలియకూడదు. ఒక్కో మనిషి గురించి ఏమీ తెలియదు, అందర్నీ కలిపితే లెక్క తేలుతుంది.

చాలా చోట్ల పాచిక, నాణెం, పేకముక్కలు వాడతారు. నేను వాడను. మనం తెచ్చిన పాచికలో ఏదో మాయ ఉందనుకుంటారు, పేకముక్క కనిపిస్తే గట్టు మీద వేరే రకం జనం పోగవుతారు. రైతు జేబులో ఉన్న నోటు మేలు. దాని నంబరులో చివరి అంకె 0 నుంచి 9 దాకా ఏదైనా సమానంగా పడుతుంది, పైగా ఆ నోటు అతనిదే. ఫోన్‌పే వచ్చాక కొందరి జేబులో నోటే ఉండటం లేదు. అలాంటివాళ్లు పక్కవాళ్ల దగ్గర పది రూపాయలు అడిగి తీసుకున్నా ఫర్వాలేదు, మన దగ్గర మాత్రం తీసుకోకూడదు.

వరస ముఖ్యం. నియమం చెప్పకముందే నోటు తీయించాలి. లేకపోతే జేబులో నాలుగు నోట్లు తిరగేసి తనకు నచ్చిన అంకె ఏరుకుంటాడు.

"అన్నా, జేబులో నోటు ఉంటే ఒకటి తీయండి. పదైనా ఇరవైనా పర్లేదు."

"ఎందుకబ్బా, చందానా?"

"మాకొద్దన్నా, మీ దగ్గరే పెట్టుకోండి. నంబరులో చివరి అంకె చూసుకోండి. నాకు చెప్పొద్దు, చూపించొద్దు."

ఇప్పుడు నియమం చెప్పాలి. చివరి అంకె 0 గానీ 1 గానీ అయితే, ప్రశ్న ఏదైనా సరే "అవును" అనాలి. 9 అయితే ప్రశ్న ఏదైనా "లేదు" అనాలి. 2 నుంచి 8 వరకు ఏది ఉన్నా నిజం చెప్పాలి. 9కి 'లేదు' ఎందుకంటే, అది లేకపోతే 'లేదు' అన్న ప్రతివాడూ వాడలేదని పక్కాగా తెలిసిపోతుంది. అప్పుడు వాడినవాళ్లంతా 'లేదు' గుంపులోకి దూకడానికి చూస్తారు.

ఇంత చెప్పినా మనిషి మొహంలో అనుమానం పోదు. దాన్ని మాటలతో పోగొట్టలేం. నేను చేసేది ఇదీ. నా జేబులోంచి ఒక నోటు తీసి, అంకె చూసుకుని, మడిచి పట్టుకుని "ముందు మీరే నన్ను అడగండన్నా, ఏదైనా సరే" అంటాను. ఒకసారి కొత్తపట్నం దగ్గర ఒకాయన సందు దొరికిందని "ఇంట్లో తెలియకుండా సిగరెట్టు తాగుతావా?" అన్నాడు. నేను "అవును" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, చేతిలోని నోటు చూసి, "తాగుతావా, లేక నోటు చెప్పించిందా?" అన్నాడు. "మీకెట్టా తెలుస్తుందన్నా?" అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు వచ్చాకే అసలు ప్రశ్న అడగాలి. రాకపోతే "పొద్దున టీ తాగారా?" లాంటి ప్రశ్నలతో ఇంకో రెండుసార్లు ఆడించండి.

ఈ పద్ధతికి ఒక పాత జబ్బు ఉంది. ఏ మందూ వేయని మనిషికి 0 పడితే, చేయని పనికి 'అవును' అనాలి. నోరు రాదు. "నేను వేయనిదే వేశానని ఎట్టా అనేది?" అంటారు, భక్తిపరులైతే మరీను. అలా కొందరు 'లేదు' అనేస్తే లెక్క తగ్గిపోతుంది. అందుకే నోటి మాట తీసేయండి. 'అవును'కు చింతగింజ, 'లేదు'కు గవ్వ. అరచేతిలో మూసి కుండలో వేయమనండి, ఆ తర్వాత మీరు చూసి రాసుకోండి. చింతగింజ వేయడం అబద్ధం చెప్పినట్టు అనిపించదు.

లెక్క ఇలా కట్టాలి. 300 మందిని అడిగాం, 123 చింతగింజలు వచ్చాయి అనుకుందాం. అంటే 41 శాతం. ఇందులో 20 శాతం నోటు చెప్పించినవి, తీసేస్తే 21. నిజం చెప్పే అవకాశం 70 శాతం మందికే ఉంది కాబట్టి 21ని 0.7తో భాగిస్తే 30. అంటే వాడినవాళ్లు 30 శాతం, మనుషుల లెక్కలో 90 మంది.

ఇప్పుడు వెనక్కి చూడండి. ఆ 123 మందిలో 42 మంది అసలు ఏమీ వాడనివాళ్లు. వాడిన 90 మందిలో 9 మంది గవ్వ వేశారు. రేపు ఎవరైనా అధికారి వచ్చి "ఆ చింతగింజలు వేసినవాళ్ల పేర్లు ఇవ్వండి" అని అడిగినా, ఇవ్వడానికి మన దగ్గర ఏమీ లేదు. ఈ రక్షణ రైతుకే కాదు, మనకూ.

దీనికి వెల ఉంది. సూటిగా అడిగిన 300 జవాబుల్లో 30 శాతం తేలితే తేడా అటూ ఇటూ 5 శాతం. నోటు పద్ధతిలో అటూ ఇటూ 8 శాతం. నోటు చెప్పించిన జవాబులు గోల కలుపుతాయి కాబట్టి, 300 మందిని అడిగితే సూటిగా 130 మందిని అడిగినంత పదునే వస్తుంది. సర్వేకు డబ్బిచ్చేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

6. జాబితా పద్ధతి, దాని ఆకలి

నోటు లేదు, కుండ లేదు, ఫోనులో అడగాలి అంటే జాబితా ఉంది. రైతుల్ని చీటీ తీసి రెండు సగాలు చేస్తాం. మొదటి సగానికి నాలుగు పనుల జాబితా చదివి "వీటిలో ఎన్ని చేశారు? ఏవేవో చెప్పొద్దు, లెక్క మాత్రం చెప్పండి" అంటాం. గుంటకు సున్నం చల్లాం, పక్షుల వల కట్టాం, కరెంటు పోతే జనరేటర్ వేశాం, కౌంటు (అమ్మే సైజు) రాకముందే తొందరపడి పట్టుబడి చేశాం (రొయ్యలు పట్టేశాం), ఇలాంటివి. రెండో సగానికి ఇవే నాలుగు, అయిదోది యాంటీబయాటిక్ వేశాం అన్నది. మొదటి సగం సగటు 2.1, రెండోది 2.4 వస్తే, తేడా 0.3, అంటే 30 శాతం.

నాలుగు పనులు ఎంచడంలోనే పనితనమంతా. నాలుగూ అందరూ చేసేవైతే, మందు వేసిన రైతు 'అయిదు' అనాలి, దొరికిపోతాడు. అందుకని ఒకటి దాదాపు అందరూ చేసేది, ఒకటి దాదాపు ఎవరూ చేయనిది, మిగతా రెండు ఒకటి చేసినవాడు ఇంకోటి చేయనివి ఉండాలి. ఎదురుగా కూర్చుని అడిగితే ఇంకో తమాషా ఉంటుంది. జనం వేళ్లు మడిచి లెక్కపెడతారు, ఏ పనికి వేలు మడిచాడో మనకు కనిపిస్తుంది. చేతులు తువ్వాలు కింద పెట్టుకోమనండి, లేదా మీరే ఫారం వైపు చూస్తూ ఉండండి.

ఈ పద్ధతి ఆకలి చాలా పెద్దది. రెండు సగాల్లో 150 మంది చొప్పున ఉండి, లెక్కల చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 0.9 ఉంటే, ఆ 30 శాతానికి తేడా అటూ ఇటూ 20. పదీ కావచ్చు, యాభై కావచ్చు అని చెప్పడానికి సర్వే ఎందుకు? సగానికి వెయ్యి మందైతే అటూ ఇటూ 8కి దిగుతుంది. రెండు వేల మంది లేకపోతే దీని జోలికి పోకండి.

7. కొత్త పద్ధతి, పాత జాగ్రత్త

2008లో వచ్చిన ఇంకో పద్ధతిలో 'అవును', 'లేదు' అనే మాటలే ఉండవు. రెండు వాక్యాలు ఇస్తాం. ఒకటి నోటు చివరి అంకె 0 లేదా 1 అన్నది, రెండోది మందు వేశాను అన్నది. రెండూ నిజం గానీ రెండూ అబద్ధం గానీ అయితే 'ఒకటే' అనాలి, ఒకటి నిజం ఒకటి అబద్ధం అయితే 'వేరు' అనాలి. చాలా దేశాల్లో నోటు బదులు అమ్మ పుట్టిన నెల అడుగుతారు. మన దగ్గర అది పనికిరాదు. పెద్దవాళ్లకు అమ్మ పుట్టిన నెల తెలియదు. ఆధార్‌లో జనవరి 1 అనో, బడిలో వేసిన జూన్, జులై తేదీ అనో ఉంటుంది. నెలలు సమానంగా పడవు.

వినడానికి అందంగా ఉంటుంది కానీ ఇందులో ఒక మోసం దాగుంది. విసుగొచ్చినవాళ్లు ఇష్టమొచ్చినట్టు చెబితే లెక్క పైకి లేస్తుంది. ఊళ్లో ఒక్కరూ మందు వేయలేదు అనుకోండి. పదిలో ఒకరు మాత్రం అర్థంకాక ఏదో ఒకటి అన్నారు. అప్పుడు కూడా లెక్కలో 5 శాతం 'వాడినవాళ్లు' పుట్టుకొస్తారు. చాగస్ అనే వ్యాధి దాదాపు ఎవరికీ లేని చోట దాని గురించి ఇలా అడిగి, లేని రోగులు లెక్కలోకి రావడం పరిశోధకులు 2017లో చూపించారు. అంతకుముందు జవాబులు ఎక్కువొస్తే పద్ధతి బాగుందనుకునేవాళ్లు. ఎక్కువ రావడం నిజం రావడం ఒకటి కాదు.

8. నిజం తెలిసిన ప్రశ్న ఒకటి కలపండి

అందుకే ఏ పద్ధతైనా సరే, జవాబు ముందే మనకు తెలిసిన ప్రశ్న ఒకటి కలపండి. "ఈ పంటకు సీడు థాయ్‌లాండ్ నుంచి మీరే స్వయంగా తెచ్చుకున్నారా?" అని అదే నోటుతో, అదే కుండతో అడగండి. లెక్కకు సున్నా దగ్గర రావాలి. పది శాతం వస్తే జనానికి నియమం అర్థం కాలేదని, అసలు ప్రశ్నకు వచ్చిన లెక్కను కూడా నమ్మకూడదని అర్థం. మైనస్‌లోకి పోతే చాలామంది చింతగింజ వేయడానికి జంకారని.

ఇంకో పని: అయిదుగురిలో ఒకరిని చీటీ తీసి సూటిగానే అడగండి. రెండు లెక్కలూ ఒకటే వస్తే ఆ ఊళ్లో ఆ విషయం అంత గుట్టు కాదు, వచ్చేసారి నోట్లు, గింజలు అక్కర్లేదు. అమెరికాలోని మిసిసిపీలో 2011లో గర్భస్రావానికి సంబంధించిన ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగింది. అసలు ఓట్ల లెక్క తెలుసు కాబట్టి పద్ధతులన్నిటినీ దానితో పోల్చి చూశారు. సూటి ప్రశ్న బాగా తప్పింది. అదృష్టాన్ని మధ్యలో పెట్టిన పద్ధతి నిజానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది. నోటు పద్ధతి మీద నా మొగ్గుకు అదీ ఒక కారణం.

ల్యాబు పరీక్షతో సరిచూద్దామని కొందరంటారు. పట్టుబడికి ముందు మందు ఆపేస్తే అవశేషాలు క్రమంగా తగ్గిపోతాయి. ల్యాబులో 'లేదు' అని వస్తే పంట మొత్తంలో వేయలేదని కాదు. ఇక "మీ నీళ్లు పరీక్షకు పంపుతున్నాం, ఎలాగూ తెలిసిపోతుంది" అని ఉత్తుత్తి బెదిరింపు పెట్టి నిజం చెప్పించే పాత విద్య ఒకటుంది. 1971 నుంచే మనస్తత్వ శాస్త్రంలో ఉత్తుత్తి యంత్రాలతో దాన్ని వాడారు. మీరు వాడకండి. మన దగ్గర ఒక గట్టు మీద చేసిన మోసం వారంలో అన్ని గట్లకూ తెలుస్తుంది, ఆ తర్వాత ఏ సర్వే వాళ్లనీ షెడ్డు కింద కూర్చోనివ్వరు.

9. ఎక్కడెక్కడ ఎంతమంది

ఒక ఊరి గుంటలన్నిటికీ సలహా ఇచ్చే టెక్నీషియన్ ఒకడే ఉంటాడు. అతను వేయమంటే అందరూ వేస్తారు, వద్దంటే అందరూ మానేస్తారు. కాబట్టి రెండు ఊళ్లలో 150 మంది చొప్పున అడిగితే అది 300 మంది లెక్క కాదు, దాదాపు ఇద్దరు టెక్నీషియన్ల లెక్క. ముప్పై ఊళ్లు తీసుకుని ఊరికి పదిమందిని అడగండి. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, తప్పదు.

10. కాగితాలు, ట్యాబ్‌లు

పేరు, ఫోను నంబరు, గుంట ఉన్న భూమి సర్వే నంబరు రాసుకోకండి. ట్యాబ్‌లో సర్వే యాప్ తనంతట తానే గుంట లొకేషన్ పట్టేస్తుంది, దాన్ని బయలుదేరకముందే ఆపేయండి. మేము ఒకసారి మరచిపోయి, పేర్లు లేవని ధైర్యంగా ఉన్నాం. మ్యాప్ తెరిస్తే ప్రతి జవాబూ ఒక్కో గుంట మీద చుక్కై కూర్చుంది. ఆ వరసంతా ఆ రాత్రే చెరిపేశాం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కానీ, అసలు సేకరించని సంగతిని మించిన రక్షణ లేదు. ఫొటోలు కూడా వద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి సెల్ఫీ అసలే వద్దు.

అడిగే ముందు ఎవరి తరఫున వచ్చామో, ఎందుకో, ఇష్టం లేకపోతే మానేయొచ్చని చెప్పాలి. దీన్ని ఫారం చదివినట్టు గడగడా చదివితే పోలీసు స్టేషన్లో సంతకం పెట్టించుకున్నట్టుంటుంది. కూర్చుని, నీళ్లు తాగి, మామూలుగా చెప్పండి.

ఫలితం రాసేటప్పుడు మండలం కంటే కిందికి దిగకండి. ఊరి పేరు వేస్తే ఆ ఊరి రొయ్యకు కొనేవాళ్లు ధర తగ్గిస్తారు, నిజం చెప్పినందుకు శిక్ష పడినట్టవుతుంది. '30 శాతం' అని ఒక్క అంకె వేయకుండా '22 నుంచి 38 మధ్య' అని రాయండి. సున్నా రావాల్సిన ప్రశ్నకు ఎంత వచ్చిందో కూడా పక్కనే వేయండి.

లెక్క తేలాక ఆ ఊళ్లకు ఒకసారి వెళ్లి చెప్పి రండి. మేము వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చున్న పెద్దాయన అంకె విని కాసేపు ఊరుకున్నాడు. "ఇంకో పదేసుకోండి" అని చెక్ ట్రే పైకి లాగడానికి లేచాడు.